వరద నీళ్లు తీశాక తోట లైట్ల సంగతి: విజయవాడ ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు వాగు గట్లు తెగి సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట, పాయకాపురం, కండ్రిక వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అప్పటి నుంచి గట్టి వాన పడితే చాలు, ఊళ్లో సగం మందికి టెన్షన్. ఇల్లు కడుక్కుని, ఫ్రిజ్, బండి బాగుచేయించుకున్నాక అందరికీ ఆఖర్లో గుర్తొచ్చేవి గేటు స్తంభాల మీది లైట్లు, మొక్కల మధ్య గుచ్చిన లైట్లు, నడక దారి పక్క లైట్లు. నిజానికి అందరికంటే ముందు మునిగి, అందరికంటే చివర తేలేవి అవే. ఆరుబయట లైట్ల పని చేసే మమ్మల్ని వానాకాలంలో జనం అడిగే ప్రశ్నలూ, మేం చెప్పే జవాబులూ ఇక్కడ రాశాం.

నీళ్లు పూర్తిగా పోయాయి. ఒకసారి స్విచ్ వేసి ఏవి వెలుగుతున్నాయో చూడొచ్చా?

వద్దు. అందరూ మొదట చేసే పని ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పైన నేల ఆరినట్టు కనిపిస్తుంది కానీ లైటు డబ్బాలో, పైపులో, జాయింటు దగ్గర నీళ్లు ఇంకా ఉంటాయి. బుడమేరు నీళ్లంటే వాన నీళ్లు ఒక్కటే కాదు. అందులో మురుగు కాల్వ ఉంది, సబ్బు ఉంది, లవణాలు ఉన్నాయి. అలాంటి నీళ్లు కరెంటును బాగా పోనిస్తాయి. తడి మీద కరెంటు పెడితే రాగి మీద చిలుము పట్టడం ఒక్కసారిగా పెరుగుతుంది. ముఖ్యంగా ఎల్‌ఈడీ లైట్లకు వెళ్లే డీసీ వైర్లలో ప్లస్ వైపు కొస తొందరగా తినేస్తుంది. కరెంటు పెట్టకుండా ఆరబెడితే బతికే లైటు కూడా ఆ ఒక్క స్విచ్‌తో పోతుంది.

ఇంకో సంగతి. స్విచ్ వేశారు, లైటు వెలిగింది అనుకుందాం. దాని వల్ల తెలిసేది బల్బు కాలిపోలేదని మాత్రమే. దాని ఇనప స్తంభానికి కరెంటు తగులుతోందా లేదా అన్నది వెలుగు చెప్పదు. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ దాదాపు ఇక్కడి నుంచే వస్తాయి.

మెయిన్ ఆపేశాం. ఇంక ధైర్యంగా ముట్టుకోవచ్చు కదా?

ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? విజయవాడలో చాలా ఇళ్లలో గేటు లైటు, వరండా లైటు ఇన్వర్టర్ లైను మీదే ఉంటాయి, కరెంటు పోయినా గేటు దగ్గర చీకటి ఉండకూడదని. మెయిన్ దించగానే ఇన్వర్టర్ 'అయ్యో, కరెంటు పోయింది' అనుకుని అదే లైనుకి 230 వోల్టులు పంపిస్తుంది. మీరేమో మెయిన్ ఆపేశానన్న ధీమాతో చెయ్యి పెడతారు. కాబట్టి మెయిన్ దించాక ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపి, అవుట్‌పుట్ ప్లగ్గు ఉంటే అదీ పీకేయాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే జనరేటర్ లైను సంగతి వాచ్‌మన్‌ని కాదు, ఎలక్ట్రీషియన్‌ని అడిగి తెలుసుకోండి. ఇంటి పైన సోలార్ పలకలు ఉంటే ఆ లైను కూడా ఆపించాలి.

టెస్టర్ పెట్టి చూశాం, వెలగలేదు అంటారు కొందరు. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ని నమ్మి తడి నేల మీద పని చేయకండి. పాత టెస్టర్ ఎండలో వెలిగినా కనిపించదు, లోపల చెడిపోతే అసలు వెలగదు. మల్టీమీటర్‌తో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య రెండూ చూడాలి. అంతకంటే ముందు ఆ మీటరు పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న చోట ఒకసారి చూసుకోవాలి.

ఎమ్‌సీబీ ఉంది. షాక్ కొడితే అదే పడిపోతుంది కదా?

పడదు. ఎమ్‌సీబీ, అంటే బోర్డులో తనంతట తానే పడే స్విచ్, ఉన్నది వైరును కాపాడటానికి, మనిషిని కాదు. లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడుతుంది. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీఆంపులు దాటి కరెంటు పారితే ప్రాణానికే ముప్పు. 10 ఆంపుల ఎమ్‌సీబీ అంటే 10,000 మిల్లీఆంపులది. ఆ 30 దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి రాకపోతే, అంటే మధ్యలో ఎక్కడో నేలలోకో మనిషిలోకో పోతుంటే, అది కనిపెట్టి లైను తెంపేస్తుంది. ఇళ్లకు వాడాల్సింది 30 మిల్లీఆంపులది. 100, 300 మిల్లీఆంపులవి కూడా షాపుల్లో ఉంటాయి, వాటి పని వేరు. కొనేటప్పుడు దాని మొహం మీద అంకె చూసి తీసుకోండి. దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే పడాలి. నొక్కినా పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే, మార్చేయండి.

వీధిలో ఇంకా నీళ్లున్నాయి. మా గేటు పక్క కరెంటు స్తంభం దగ్గర కాళ్లకి చిమచిమలాడుతోంది.

వెనక్కి వచ్చేయండి, పరిగెత్తకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ. పిల్లల్ని, కుక్కని అటు పోనివ్వకండి. విద్యుత్ సంస్థ హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేసి స్తంభం మీది నంబరు చెప్పండి. అది మీరో, మేమో చేసే పని కాదు.

తోటలోకి దిగే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

పాములు. కరెంటు పని గురించి అడిగితే పాముల గురించి చెబుతారేంటి అని నవ్వుతారు గానీ, వరద తర్వాత మాకు ఎక్కువ భయం వాటితోనే. నీళ్లకు కొట్టుకొచ్చిన పాములూ తేళ్లూ పొడిగా, చీకటిగా ఉన్న సందు ఎక్కడ దొరికితే అక్కడ దూరతాయి. లైటు చాంబరు, జంక్షన్ బాక్సు, పైపు మూతి, పూలకుండీ వెనక, అన్నీ వాటికి నచ్చే చోట్లే. మూత తీసే ముందు కర్రతో తట్టండి. చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి.

మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతికి గ్లౌజులు వేసుకోండి. మురుగు కలిసిన బురదలో ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి, కాలి మీద చిన్న పుండు ఉన్నా చాలు. బురద పని చేశాక జ్వరం వస్తే డాక్టరుకి ఆ మాట చెప్పండి.

లైట్లు ఎన్ని రోజులు ఆరబెట్టాలి?

రోజుల లెక్క చెప్పమంటే చెప్పలేం, స్థితి చూసి చెప్పాలి. సెప్టెంబరులో విజయవాడ గాలిలోనే తేమ ఎక్కువ, ఎండ కాసినా ఉక్కపోతే. తోటల్లో ఉన్నది చాలా చోట్ల నల్లరేగడి. అది నీళ్లను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. పైన పెచ్చు కట్టి లోపల జానెడు లోతులో ముద్దగా ఉంటుంది. కాబట్టి లైట్లను నేలలోనే ఉంచి ఆరతాయిలే అనుకుంటే ఆరవు. పైకి తీయాలి.

తీసేటప్పుడు ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఏ వైరు దేనికి కలిసి ఉంది, ఏ లైటు ఎక్కడ ఉంది అన్నవి కనిపించేలా. ఒక్కో దానికి కాగితం టేపు అంటించి నంబరు వేయండి. తర్వాత మంచినీళ్లతో కడగండి. బురద ఎండి గట్టిపడక ముందే కడగాలి, ఎండితే గీరాల్సి వస్తుంది, గీరితే సీలు తెగుతుంది. కార్లు కడిగే ప్రెషర్ మోటారు వాడకండి, బయట ఉన్న మట్టిని లోపలికి కొడుతుంది. అద్దం విప్పగలిగితే విప్పి, రబ్బరు వాషరు తీసి, అన్నీ విడివిడిగా ఫ్యాను కింద నీడపట్టున పెట్టండి. హెయిర్ డ్రయర్ దగ్గరగా పెడితే ప్లాస్టిక్ లెన్సు వంగిపోతుంది. ఫోను తడిస్తే చేసినట్టు బియ్యం డబ్బాలో పెట్టే పని మాత్రం వద్దు, బియ్యమూ పాడు, లైటూ పాడు.

ఏవి మళ్లీ వాడుకోవచ్చు, ఏవి పారేయాలి?

మునిగిన ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ, స్విచ్, ప్లగ్గు, టైమరు, సాయంత్రం కాగానే లైట్లు వేసే సెన్సరు: ఇవి ఆరబెట్టి వాడేవి కావు. లోపల స్ప్రింగులు, కాంటాక్టులు ఉంటాయి. అక్కడ చేరిన సన్నటి ఒండ్రు ఏం చేసినా రాదు. పైకి పనిచేస్తున్నట్టే ఉండి, అవసరమైన రోజున పడవు. ఇక్కడ పొదుపు చేయకండి, మార్చేయండి.

ఎల్‌ఈడీ డ్రైవరు, అంటే 230 వోల్టుల్ని ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చే చిన్న డబ్బా, రెండు రకాలు. లోపలంతా రెసిన్ పోసి మూసేసినది బతికే అవకాశం ఉంది. మూత తీస్తే సర్క్యూట్ బోర్డు కనిపించే రకం మునిగితే పోయినట్టే.

లైటు ఒంటి విషయానికొస్తే ఇత్తడివి, మంచి స్టెయిన్‌లెస్ స్టీలువి చాలావరకు కడిగితే చాలు. అల్యూమినియం పోతపోసిన వాటి మీద పెయింటు పొక్కులు కట్టి, కింద తెల్ల పొడి కనిపిస్తుంటే, స్క్రూ మరలు కూడా తినేసి ఉంటాయి. ఇంకో ఏడాది లాగొచ్చు, అంతే. పలుచటి ప్లాస్టిక్ స్పైక్ లైట్లను బాగుచేయడానికి పట్టే కూలీకి కొత్తవే వస్తాయి.

రబ్బరు వాషర్ల మాట చాలామంది మర్చిపోతారు. లైటు బాగుందని పాత వాషరుతోనే మూసేస్తే వచ్చే వానకు మళ్లీ నీళ్లు దిగుతాయి. నొక్కుకుపోయిన వాషరు మళ్లీ ఉబ్బదు. గవర్నర్‌పేటలో, వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ షాపులకి పాతది తీసుకెళ్లి చూపిస్తే సైజు చూసి ఇస్తారు.

మా లైట్ల మీద ఐపీ67 అని రాసి ఉంది. వాటర్‌ప్రూఫే కదా, ఎందుకు పోయాయి?

ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీళ్లు దిగకూడదని. అరగంట. సింగ్ నగర్‌లో నీళ్లు రోజుల తరబడి ఉన్నాయి. పైగా ఆ పరీక్ష కొత్త లైటుకి చేస్తారు, మూడేళ్లు ఎండకు ఎండి వాషరు గట్టిపడిన లైటుకి కాదు. ఐపీ65 అయితే అసలు మునగడానికి చేసినదే కాదు, చిమ్మే నీటికి తట్టుకుంటుంది, అంతే. నీళ్లలో ఎప్పుడూ ఉండే ఫౌంటెన్ లైట్లకు ఐపీ68 కావాలి. అది కూడా ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు రాసిన ప్రకారమే.

ఒకటి గమనించండి. లైటు ఐపీ67 అయినా, దాని వెనక వైరును ఎలక్ట్రీషియన్ మామూలు టేపు చుట్టి కలిపితే, ఆ జాయింటుకి ఏ రేటింగూ లేదు. మేం తవ్వి తీసిన వాటిలో నీళ్లు ఎక్కువగా దిగింది లైటులోంచి కాదు, జాయింటులోంచే.

లైటు బాగానే వెలుగుతోంది, కానీ అద్దం లోపల ఆవిరి పట్టింది.

లోపల నీళ్లున్నాయి. వేడికి ఆవిరై అద్దానికి పడుతున్నాయి, ఆపగానే మళ్లీ కిందికి దిగి బోర్డు మీద చేరుతున్నాయి. రోజూ వేసి ఆరబెట్టేద్దాం అనుకుంటే నిదానంగా బోర్డు తుప్పు పడుతుంది. ఆపి, విప్పి, ఆరబెట్టి, వాషరు మార్చి మూయండి. విప్పడానికి వీల్లేని రకమైతే దాన్ని తీసేసి ఆ చివర వైరును మూసేయండి. ఆవిరి ఉన్న లైటు చుట్టూ బయటి నుంచి సిలికాన్ పూసేవాళ్లున్నారు. అది నీళ్లను లోపల పెట్టి తాళం వేయడమే.

భూమిలో వేసిన వైరు మొత్తం తవ్వి మార్చాలా?

అందరూ భయపడే ఖర్చు ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

మూడు సంగతులు చూడాలి: వైరు ఏ రకం, దాని కొసలు మునిగాయా, మధ్యలో జాయింట్లు ఉన్నాయా. భూమిలో వేయడానికే చేసిన, లోపల లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ అయితే, మధ్యలో అతుకు లేకుండా ఒకటే ముక్క అయితే, దాని పైతొడుగు తెగకపోతే, అది తడి నేలలో ఉండటానికే పుట్టింది. వరద దాన్ని ఏమీ చేయదు. అనుమానించాల్సింది కొసల్నే. ఇంట్లో గోడల్లో వేసే మామూలు ఒంటి వైర్లను పీవీసీ పైపులో దూర్చి తోటలో పాతేశారనుకోండి, ఇక్కడ చాలా ఇళ్లలో జరిగింది అదే, అప్పుడు మార్చడమే మేలు.

కొసలు మునిగితే ఏమవుతుందంటే, సన్నటి రాగి తీగలు మెలేసిన వైరు దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు నీళ్లను లోపలికి పీలుస్తుంది. పైన తొడుగు పొడిగా, నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రాగి నల్లబడుతూ పోతుంది. చూడటం తేలికే. కొసను రెండు అంగుళాలు కత్తిరించి, తొడుగు గీసి చూడండి. రాగి ఎర్రగా మెరుస్తుంటే అక్కడి నుంచి జాయింటు వేసుకోవచ్చు. నల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఇంకో రెండు అంగుళాలు. అడుగు దాటినా నలుపు పోకపోతే ఆ ముక్క మార్చేయడమే. నల్ల రాగికి జాయింటు వేస్తే పట్టదు, అక్కడ వేడెక్కుతుంది, లైటు మినుకు మినుకుమంటుంది. మూడు నెలలకి మళ్లీ మాకే ఫోన్ వస్తుంది.

పైపులో నీళ్లు నిలిచి ఉంటే వైరు లాగేసి, ఆ పైపులోంచి తాడుకి పాత గుడ్డ కట్టి అటూ ఇటూ లాగండి. బురద, నీళ్లు రెండూ వస్తాయి. పైపు మధ్యలో వంగి ఉంటే అక్కడ ఎప్పటికీ నీళ్లు నిలుస్తాయి. అలాంటి చోట అడుగున చిన్న రంధ్రం పెట్టి, కింద కంకర పోయడం ఒక పద్ధతి.

ఇక జాయింట్లు. మట్టిలో టేపు జాయింటు ఉండకూడదు. దీని మీద బేరాల్లేవు. టేపు జిగురు తడికి ఊడుతుంది, వేడికి కారుతుంది. జెల్ నింపిన కనెక్టర్లు వాడండి, లేదా రెసిన్ పోసే జాయింటు కిట్. అన్నిటికంటే మంచిది, జాయింటు అన్నదే భూమిలో లేకుండా ప్రహరీ గోడ మీద పెట్టెలోకి తెచ్చుకోవడం.

మెగ్గర్ టెస్ట్ అని ఎలక్ట్రీషియన్ ఎక్స్‌ట్రా అడుగుతున్నాడు. అవసరమా?

అవసరమే. మొత్తం పనిలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చేది అదే. మామూలు మల్టీమీటరు తన చిన్న బ్యాటరీతో చూస్తుంది, దానికి సన్నటి లీకేజీ తెలియదు. మెగ్గర్ 500 వోల్టుల డీసీ పంపి, వైరు తొడుగు దాన్ని తట్టుకుంటోందో లేదో చూస్తుంది. 230 వోల్టుల లైనుకి ఆ తొడుగు నిరోధం కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. మంచి లైనులో ఇంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. 1కి దగ్గరగా, 2, 3 వచ్చిందంటే పాసైనట్టే గానీ ఎక్కడో తడి ఉన్నట్టు.

ఆ పరీక్ష చేసేముందు లైట్లు, డ్రైవర్లు అన్నీ లైను నుంచి విడదీయాలి. లేకపోతే ఆ 500 వోల్టులకి అవి కాలిపోతాయి. ఇది చెప్పకుండా నేరుగా మెగ్గర్ పెట్టబోయేవాడిని ఆపేయండి.

ఆర్‌సీసీబీ ఎత్తగానే పడిపోతోంది. దాన్ని తీసేసి డైరెక్టుగా ఇచ్చేస్తానంటున్నాడు.

ఆ మాట అన్నవాడిని పంపించేయండి. అది పడుతోందంటే తన పని తాను చేస్తోంది. తోట లైనులో లైట్లన్నీ విడదీసి, ఒక్కొక్కటే కలుపుతూ ఎక్కడ పడుతుందో చూడాలి. ఓపిక పని, కానీ దొరుకుతుంది. అన్నీ విడదీసినా పడుతుంటే తప్పు వైరులో ఉంది. అప్పుడప్పుడు తోట లైను న్యూట్రల్‌ని ఇంట్లో ఇంకో లైను న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు. అప్పుడు ఎక్కడా లీకేజీ లేకపోయినా పడుతుంది.

మావి 12 వోల్టుల లైట్లే. వాటికి ఇదంతా ఎందుకు?

లైటు దగ్గర 12 అయినా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వస్తోంది కదా. ఆ పెట్టె ఎక్కడుంది, మునిగిందా అన్నదే ప్రశ్న. మునిగితే దాన్ని మార్చాకే మిగతా మాట. మిగతా భాగం షాక్ పరంగా చాలా నయం, అందుకే కొత్తగా పెట్టేవాళ్లకి మేం 12, 24 వోల్టులే చెబుతాం. కాకపోతే తుప్పు వీటికీ అంతే. పైగా వోల్టేజ్ తక్కువ కాబట్టి తుప్పు పట్టిన ఒక్క జాయింటు చాలు, అవతల లైట్లన్నీ మసకబారడానికి. వరద తర్వాత చివరి లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయంటే ముందు బల్బులు మార్చకండి, మధ్యలో జాయింటు చూడండి.

సోలార్ లైట్లు?

పలక కడిగితే బాగుపడుతుంది. లోపల బ్యాటరీయే సమస్య. మునిగిన లిథియం బ్యాటరీని చార్జింగ్ పెట్టకండి, ఎండలో పెట్టి చూద్దాం అనుకోవడం కూడా చార్జింగ్ కిందే లెక్క. లోపల తుప్పు పట్టి కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. విప్పి తీసి, ఇంటికి దూరంగా పొడి ఇసుకలో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. మామూలు చెత్త బండిలో వేయొద్దు. పెన్సిల్ సైజు నికెల్ బ్యాటరీలున్న చిన్న లైట్లకి అంత ప్రమాదం లేదు, బ్యాటరీ మార్చి, స్ప్రింగు మీది చిలుము గీకి చూడండి.

నీళ్ల తొట్టిలో ఫౌంటెన్ పంపు కూడా ఉంది.

మునగడానికే చేసిన పంపు కదా అని వదిలేయకండి. బురద పట్టిన పంపు వేడెక్కి సీలు పోతుంది. 230 వోల్టుల పంపు అయితే మెగ్గర్ చూసే దాకా నీళ్లలో చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని ఆడనివ్వొద్దు.

ఎర్త్ కూడా చూడాలా? నేల తడిగానే ఉంది కదా, ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే నేల తడి. ఇవాళ కొలిస్తే మంచి రీడింగే వస్తుంది, దాన్ని చూసి మోసపోకండి. మే నెలలో ఇదే నల్లరేగడి బీటలు వారుతుంది, ఎర్త్ పైపు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది, అప్పుడు రీడింగు ఎక్కడికో పోతుంది. వరద ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు కడిగేసి ఉంటుంది. పైపుకి బిగించిన బోల్టు తుప్పు పట్టి వైరు ఊగుతూ ఉండొచ్చు. ఇప్పుడు గుంత తెరిచి బోల్టు మార్చండి, బొగ్గు, ఉప్పు నింపండి, ఎండాకాలం మధ్యలో మళ్లీ కొలిపించండి. ప్రతి ఇనప లైటు స్తంభానికీ ఎర్త్ వైరు నిజంగా కలిసి ఉందా అన్నది కూడా చూడాలి. చాలాచోట్ల ఆకుపచ్చ వైరు పెట్టె దాకా వచ్చి అక్కడే చుట్ట చుట్టి వదిలేసి ఉంటుంది.

చవితికి పందిరి, దసరాకి సీరియల్ సెట్లు. అప్పటికి తోట లైను నుంచి తీసుకోవచ్చా?

2024లో నీళ్లు తీయకముందే చవితి వచ్చింది, నెల తిరక్కుండా దసరా. వరదలు, పండగలు మన దగ్గర ఒకే కాలంలో వస్తాయి, తొందర అక్కడే మొదలవుతుంది. పరీక్ష చేయని తోట లైను నుంచి తీసుకోకండి. ఇంట్లో మునగని బోర్డు నుంచి, ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచి తీసుకోండి. సన్న వైరు సీరియల్ సెట్లను తడి గ్రిల్లుకి, రేకుకి కట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టి పైన ప్లాస్టిక్ కవరు కప్పడం రక్షణ కాదు. దాన్ని కుర్చీ మీదో గోడ మేకుకో ఎత్తులో పెట్టండి.

మాది అపార్ట్‌మెంట్. తోట లైట్ల ప్యానెల్ సెల్లార్‌లో ఉంది.

ఇంకా అక్కడే ఉందా? బాగుచేయించడం కంటే ముందు పైకి మార్చే మాట అసోసియేషన్ మీటింగులో పెట్టండి. సెల్లార్ నింపడానికి నది పొంగనక్కర్లేదు, ఒక రాత్రి వాన చాలు. పైకి మార్చే ఖర్చు ఒకసారిది, ప్యానెల్ మార్చే ఖర్చు మునిగినప్పుడల్లా.

ఇన్సూరెన్స్ వస్తుందా? ప్రభుత్వ సాయం?

2024లో ప్రభుత్వం మునిగిన ఇళ్లకు కింది అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. అది ఇంటి లెక్క, తోట లైట్లకి విడిగా ఏమీ లేదు. ఇన్సూరెన్స్ అయితే 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుపాను నష్టం ఉంటుంది. ప్రహరీ గోడ లాంటివి, ఇంటికి శాశ్వతంగా బిగించిన ఫిట్టింగులు భవనం కిందికి వస్తాయి. కాబట్టి గోడకి బిగించిన లైటుకి అడగొచ్చు. కంపెనీకి వెంటనే తెలియజేయండి, సర్వేయర్ చూసే దాకా పాడైనవి పారేయకండి. గోడ మీద నీటి మరక కనిపించేలా ఫొటో ఉంటే మంచిది.

మళ్లీ మునిగినా తట్టుకునేలా ఎలా పెట్టించుకోవాలి?

గోడ మీద ఆ నీటి మరక ఉంది చూశారా, సున్నం వేసే ముందు అక్కడ ఒక గీత గీసి పెట్టుకోండి. మీ ఇంటికి అంతకంటే మంచి కొలత ఇంజనీరు కూడా చెప్పలేడు. జంక్షన్ బాక్సు, ట్రాన్స్‌ఫార్మర్, టైమరు అన్నీ ఆ గీతకు అడుగున్నర పైన. మనిషి ఎత్తున్న మరకైతే అవన్నీ మొదటి అంతస్తు మెట్ల దగ్గరకే. కింద తోటలో ఉండేది వైరూ, లైటూ మాత్రమే.

వైరు పెట్టెలోకి పైనుంచి కాకుండా కిందనుంచి, ఒక చిన్న వంపు తిరిగి వెళ్లాలి. అప్పుడు జారే నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి. వైరు దూరే చోట గ్లాండ్, అంటే సందు లేకుండా వైరును పట్టే బిగింపు, పెట్టాలి. తోట మొత్తానికి విడిగా ఒక ఎమ్‌సీబీ, విడిగా ఒక 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. ఇలా చేస్తే తోటలో తడి వల్ల ఇంట్లో ఫ్రిజ్ ఆగదు, వాన మొదలవగానే తోట ఒక్కటే ఆపేయొచ్చు. ఆ స్విచ్ మీద పెద్ద అక్షరాలతో 'తోట' అని రాయండి, మీరు ఊళ్లో లేనప్పుడు అమ్మగారో పక్కింటివాళ్లో ఆపగలగాలి.

లైట్లను నేలకి సమంగా పాతే రకం మన నల్లరేగడికి సరిపడదు. మ్యాగజైన్ ఫొటోల్లో బాగుంటాయి, ఇక్కడ అవి చిన్న చిన్న బావులు. జానెడు ఎత్తు పొట్టి స్తంభాల లైట్లు, గోడకి బిగించేవి నయం. రంగు పసుపు ఛాయలో తీసుకోండి. తెల్ల లైటు కంటే ఉసిళ్లు తక్కువ వస్తాయి. తొలకరికి ఉసిళ్లు లైటు డబ్బాల్లో చేరి చచ్చి, వాటికోసం చీమలు చేరి, చీమలకోసం బల్లి చేరి, ఆఖరికి షార్ట్ అయిన సందర్భాలు ఎలక్ట్రీషియన్లందరికీ తెలుసు.

ఇవన్నీ ఒకేసారి చేయించే డబ్బు లేదు. ఏది ముందు?

ఆర్‌సీసీబీ, ఎర్త్ ముందు. లైటు ఒక్కటి లేకపోయినా ఇవి ఉండాలి. తర్వాత గేటు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, వరద తర్వాత పురుగూ పుట్రా తిరిగే రోజులు కాబట్టి నడిచే దారిలో ఒకటి. మునిగిన మిగతా లైట్ల వైర్లను పెట్టె దగ్గరే విడదీసి, కొసలకి క్యాపులు పెట్టి వదిలేయండి. సగం పాడైన లైను ఇంటి కరెంటుకి కలిసి ఉండకూడదు. కొబ్బరి చెట్టు మీదికి వేసే లైటు, తులసి కోట చుట్టూ వేసే పట్టీ లైటు సంక్రాంతి దాకా ఆగినా ఏం పోదు. అప్పటికి వానలు వెనకబడతాయి, నేల ఆరుతుంది, తవ్వడం కూడా తేలిక. ఎలక్ట్రీషియన్లు కూడా అప్పుడే తీరిగ్గా దొరుకుతారు. వైర్‌మన్ పర్మిట్ ఉందా, మెగ్గర్ ఉందా అని అడిగాకే రమ్మనండి.